ఎఫీ అల్లిన మేజోళ్ళు

"అంబుయా, ఆగండి! కంచె దాటొద్దు!"

ఫరాయి కేకకి ఎఫీ తీగ మీద వేసిన కాలు వెనక్కి తీసుకుంది. కేకు డబ్బా మాత్రం వదల్లేదు.

"ఎందుకలా అరుస్తావు నాయనా, నాకు తుంటి పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. టీ వేళయింది, పిల్లల్ని పిలువు."

జింబాబ్వే నుంచి ఈ ఫాక్లాండ్ దీవులకి మందుపాతరలు తీయడానికి వచ్చిన వాళ్ళందరికీ ఆమె అంబుయానే. వాళ్ళ భాషలో అవ్వ అని. ఎప్పుడో యుద్ధంలో ఈ దీవుల్ని ఆక్రమించిన అర్జెంటీనా సైనికులు తీరమంతా పాతర్లు పాతి పోయారు. అప్పటినుంచీ కంచె అలాగే ఉంది. ఇప్పుడు వీళ్ళు పొద్దంతా మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తడుముతారు. ఎఫీ కేకు వాసన తగిలిందంటే మాత్రం బడి వదిలిన పిల్లలే.

"ఆ తెల్లరాళ్ళ దిబ్బ దాకా ఎప్పుడొస్తారు?" రోజూ అడిగే మాటే అడిగింది.

"చివర మిగిలేది అదే. పటంలో చూపించిన చోట ఒక్క పాతరా ఉండటం లేదు అంబుయా. ఇసుకతో పాటు అవీ నడుస్తున్నాయి."

"ఈ గాలికి ఇసుక ఒకచోట కూర్చుంటుందా? కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలీదు." అంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి ఎందుకో చప్పబడిపోయింది.

ఇంతలో పక్క పొలం అంగస్ జీపు దిగాడు. గొర్రెల మనిషి, ఆమె ఈడువాడే.

"శనివారం విమానం వస్తోంది ఎఫీ. స్టాన్లీ పట్నంలో డాక్టరు నీ తుంటి కోసం కాచుకుని ఉన్నాడు. ఈసారి ఎక్కకపోయావో, గొర్రెని వేసుకున్నట్టు భుజాన వేసుకుని ఎక్కిస్తాను."

"మంటలోకి వేసే పీట్ మట్టిగడ్డలు పొయ్యి దాకా మోయలేనివాడివి, నన్ను మోస్తావా? ఆ దిబ్బ దగ్గరికి వెళ్ళిందాకా నేను కదల్ను. ఆపరేషనయ్యాక ఈ వయసులో తిరిగొస్తానో రానో!"

"ఇన్నేళ్ళూ పెంగ్విన్లు మనిషి పోరు లేకుండా హాయిగా ఉన్నాయి కంచె లోపల. వదిలెయ్యరాదూ?"

"పెంగ్విన్ల మీద నీకెప్పుడు పుట్టింది ప్రేమ? గుడ్లెత్తుకొచ్చి అట్లేసుకు తిన్నవాడివి!"

పిల్లలంతా నవ్వారు. అంగస్ నవ్వలేదు. టీ కూడా తాగకుండా జీపెక్కి వెళ్ళిపోయాడు.

"ఆయనకెందుకంత కోపం?" అన్నాడు ఫరాయి.

"యుద్ధంలో వాడి ఇల్లు కాలిపోయింది. వాడు దాన్ని మరవలేడు. నేనేమో మావాణ్ణి మరవలేను."

"ఆ దిబ్బ కింద..."

"మావాడే." ఎఫీ కంచె పక్కన కూలబడి సంచిలోంచి అల్లికపుల్లలు తీసింది. "ఆ చలికాలం రోజూ నా వంటింట్లోనే ఉండేవాడు. నీలాగే చలికి తట్టుకోలేడు. కప్పు రెండు చేతుల్లో ఇరికించుకుని పొయ్యికి అతుక్కుపోయేవాడు. కేకు ఎంత పెట్టినా చాలేది కాదు, ఎదిగే వయసు కదా. నా కుక్క టిబ్ వచ్చి వాడి పాదాల మీదే పడుకునేది. చూస్తే మేజోళ్ళు రెండూ చిల్లులు! కొత్తవి మొదలుపెట్టాను. ఒకటి పూర్తయింది."

"రెండోది?"

"ఈలోగా ఒకరోజు టిబ్ బాతుల్ని తరుముతూ ఈ ఇసుకలోకి ఉరికింది. పోనీరా, కుక్కే కదా అని అరుస్తూనే ఉన్నాను. వాడు దాని వెనకే పోయాడు. టిబ్ తిరిగొచ్చింది."

ఫరాయి కప్పు కింద పెట్టాడు. "లోపల పాతర్లున్నాయని తెలీదా?"

"వాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు నాయనా!"

"ఫోటో ఉందా?"

"ఒక్కటీ లేదు. పడ్డచోటే తోటివాళ్ళు పూడ్చి పేర్చిన ఆ తెల్లరాళ్ళే మిగిలాయి. ముఖం చెదిరిపోకుండా రోజూ తలుచుకుంటాను. ఇదిగో, ఆ రెండోది ఇప్పుడు అల్లుతున్నాను. కళ్ళు కనపడక కుట్లు జారిపోతున్నాయి."

ఫరాయికి జింబాబ్వేలో, సొంతూరు ముతారేలో తల్లి ఉంది. రోజూ ఫోను చేసి స్వెటరు వేసుకున్నావా అని అడుగుతుంది. ఆ సాయంత్రం తనే ముందు ఫోను చేశాడు.

తొందరపడితే ప్రాణం పోయే పని అది. దానికి తోడు రెండు రోజులు ఇసుక కళ్ళల్లో కొట్టే గాలి లేచి పని ఆగిపోయింది. శనివారం పొద్దున గాలి పడింది. ఎర్ర విమానం వచ్చి పచ్చిక మీద దిగింది. ఎఫీ కోటు తొడుక్కుని, పెట్టె పక్కన పెట్టుకుని, కంచె దగ్గరే కూర్చుంది. ఇసుకలో మనుషులింకా మోకాళ్ళ మీదే ఉన్నారు.

"ఎంతసేపండీ?" పైలట్ వచ్చి గొణిగాడు.

"ఆమె లేచిందాకా! వెళ్ళి ఇంజను ఆపు!" గద్దించింది ఎవరో కాదు, అంగస్.

చివరికి పని ముగిసిందని ఈల వినపడింది. నేలలో పాతర్లన్నీ తీశాక, పనివాళ్ళు చేతులు పట్టుకుని వరసగా ముందు తామే నడిచి చూపించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ రోజు వరస మధ్యలో ఒక మనిషికి చోటు వదిలారు. ఎఫీ ఆ చోట్లో నిలబడి, ఒక చెయ్యి ఫరాయికిచ్చి, కుంటుకుంటూ నడిచింది.

దిబ్బ దగ్గర మోకరిల్లి మేజోళ్ళు రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకటి ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండి పసుపెక్కింది. ఒకటి కొత్తది, కుట్లు వంకర. గాలికి ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి, ఆ రాయిని పసివాడి తల నిమిరినట్టు నిమిరింది.

ఫరాయి టోపీ తీశాడు. "మీ అబ్బాయి పేరు చెప్పండి అంబుయా. సమాధి పలక మీద రాయిస్తాను."

"తెలీదు నాయనా. వాడి భాష నాకు రాదు, నా భాష వాడికి రాదు."

ఫరాయి అర్థంకాక చూశాడు. ఎఫీ వెనక్కి తిరిగి, పాతర్లు తీసిన గుంతల్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఇవన్నీ పాతింది వాడే."