చెవిలో చెప్పని పేరు

నా బిడ్డ పెదవుల మీద పాలచుక్క ఎండి తెల్లటి పొలుసు కట్టింది.

పుట్టి మూడు రోజులు. మొదటి రోజు బాగానే తాగింది. ఆ తర్వాత రొమ్ము పట్టడం మానేసింది. నా పాలేమో రవికె తడిపి, చాప తడిపి వృథాగా పోతున్నాయి.

మా మర్రిగూడ నుంచి నల్గొండ దవాఖానకు ఎడ్లబండి మీద ఒక రోజు దారి. మా ఆయన మల్లప్ప బండి అడగడానికి పోయాడు.

"బండి వచ్చేలోపల పేరు జూడుండ్రి," అంది మంత్రసాని నర్సింగమ్మ. "మీ ఇంట్ల పోయినోళ్లెవరో మల్ల వచ్చిండ్రు. పేరు అడుగుతాండ్రు."

మా కురుమ ఇళ్లలో పేరు మేం పెట్టం. బిడ్డే అడిగి పెట్టించుకుంటుంది. ఇంటి పెద్ద పసిబిడ్డ చెవిలో చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాలి. ఏ పేరుకు బిడ్డ రొమ్ము పడితే ఆ మనిషే తిరిగి వచ్చినట్టు.

నేను పుట్టినప్పుడు ఎవరి పేరుకూ పట్టకపోతే చివరికి బీరప్ప దేవుడి పేరు చెప్పారట. గబుక్కున పట్టానట. "తిండి కాడ దేవున్ని గూడ ఇడువలే" అని మా అమ్మ ఎగతాళి చేసేది. అట్లా నేను బీరమ్మను.

ఇక్కడ ఇంటి పెద్ద మా అత్త ఈదమ్మ. మగడు పోయాక ఒంటి చేత్తో పిల్లల్ని సాకి, వంద గొర్రెల మందను నిలబెట్టిన మనిషి. ఆమె నోటికి ఊరంతా దడుస్తుంది. ఆ రోజు మాత్రం బిడ్డ చెవి దగ్గర మెల్లగా మొదలుపెట్టింది.

"గాలయ్య మామా, నువ్వేనా? గాలమ్మ అని పిలుసుకుంటం. తాగు."

గాలయ్య అంటే అత్తకు మామ. బిడ్డ నోరు తెరవలేదు.

"సత్తమ్మవా?" మశూచికి పోయిన మా ఆడబిడ్డ.

కాదు.

"అండాలువా?" అత్తకు తోడికోడలు.

కాదు.

"అయిపోయినయ్," అంటూ అత్త చేతులు దులుపుకుంది.

"అయిపోలే, ఈదక్కా," అంది నర్సింగమ్మ మెల్లగా. "ఇంకొకామె ఉండె గద."

నా చెయ్యి దానంతటదే మెడకు పోయింది. పుస్తెల పక్కన వెండి బిళ్ళ ఉంది. నాకన్నా ముందు ఈ ఇంటికి వచ్చి, పోయిన కోడలి గుర్తు. రెండో పెళ్లాం సవతిని అట్లా మెడలో మోయాలి. నాలుగేళ్లుగా మోస్తున్నాను, పేరు మాత్రం ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదు. నాకు చెప్పింది బావి దగ్గర ఆడవాళ్లు. మా అత్తకు ఆమె ఎప్పుడూ "గా పోయినామె".

జరిగింది కూడా వాళ్లే చెప్పారు. నైజాం పోయిన మూడో ఏడు కరువు. ఐదో నెల కడుపుతో ఉన్న ఆ పిల్ల ఆకలికి ఆగలేక గుమ్మిలోంచి దోసెడు జొన్నలు తీసి గటక వండుకుంది. అత్త చూసింది. కంచం ముందు నుంచి లేపింది. ఆ పిల్ల ఎండలో పుట్టింటికి నడిచింది.

చేరలేదు.

"అది నా నోట రాదు," అంది అత్త. "పగ దీర్సుకోనికి వచ్చి ఉంటది. పేరు పెట్టి పిలిస్తే బిడ్డను తీస్కపోతది."

భయం వేయలేదంటే అబద్ధం. నా సవతి నా కడుపున పుట్టడమేమిటి! కానీ బిడ్డ ఏడుపు సన్నగా, పిల్లి కూనలా అయిపోయింది. దాంతో భయం పోయి కోపం వచ్చింది.

"పగైతే నిన్ను వట్టాలె, నన్ను వట్టాలె. నా బిడ్డ నోరెందుకు కడ్తదత్తా? నీకు దండం బెడత, చెప్పు. చెప్పకుంటే నా బిడ్డ ఉసురు నీకే."

అత్తకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. నాలుక కరుచుకున్నాను.

అత్త బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. చెవి దగ్గర నోరు పెట్టింది. కన్నీళ్లు బిడ్డ చెంప మీద పడ్డాయి.

"సోమమ్మా," అంది.

"తప్పయింది బిడ్డా. కంచం కాడికెల్లి లేపిన. ఇంట్ల చిన్నపోరగాండ్ల కడుపులే కనవడ్డయ్ గని, నీ కడుపు కనవడలే. తాగు, నా తల్లీ. ఇంక నిన్నెవ్వలు లేపరు."

బిడ్డను నా ఒళ్లో పెట్టింది.

బిడ్డ తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెతుక్కుంది.

పట్టింది.

గుటక వేసిన చప్పుడు నలుగురం విన్నాం. నాలుగో మనిషి మల్లప్ప. బండి తెచ్చి గడపలో నిలబడ్డాడు. తల్లి నోట ఆ పేరు విని అక్కడే కూలబడి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నా కోసం ఎన్నడూ అట్లా ఏడవలేదు. మనసు చివుక్కుమంది. బిడ్డ పాలు గుంజుతుంటే అదీ మరిచిపోయాను.

అత్త నా మీదుగా వంగింది.

"కడుపు నిండిందా, సోమమ్మా?"

నిండలేదు. ఒక పక్క అయ్యాక రెండో పక్క పట్టి మళ్లీ మొదలుపెట్టింది.

బయట మంద దొడ్లోకి వచ్చింది. గొర్రెలు అరిచాయి, ఎవరో వచ్చి అత్తను పిలిచారు.

నిండేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.