చీరాల రుచి

సీసా ప్రిస్కిల్లా చేతిలోంచి జారి, తార్నాక ఫ్లాటు వంటింటి నేల మీద పడి పగిలింది.

అది మామూలు సీసా కాదు. అందులో ఉన్నది విజయకుమారి గారి గోంగూర పచ్చడి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అందులో ఉన్నది ప్రిస్కిల్లా ఉద్యోగం.

మర్నాడే ఆమె ప్రయాణం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదవబోతోంది. ఒక చోట పుట్టిన సరుకును మరో చోటికి చెడకుండా, పగలకుండా, వేళకు చేర్చే విద్య అది. ఆ ఊరి రేవులో ఒక పెద్ద గోదాముకు అధికారి శాంసన్. ప్రిస్కిల్లా ఇక్కడ చదివిన యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే విజయకుమారి గారికి తమ్ముడు. చదువుకుంటూ మీ దగ్గర పని నేర్చుకోవచ్చా అని ప్రిస్కిల్లా ఫోన్‌లో అడిగితే ఆయన నవ్వాడు.

“అక్క పచ్చడి పంపిస్తుంది. అది చెక్కుచెదరకుండా నా చేతికి రావాలి. అదే నీ ఇంటర్వ్యూ, అమ్మాయ్.”

సీసా ఇస్తూ విజయకుమారి గారు ఇంకో బరువు పెట్టారు. “మా చీరాల రుచి ఇది. మా అమ్మ చెయ్యి నాకొచ్చింది. ఈ హైదరాబాద్‌లో ఇంకెవరి వల్లా కాదు. కొరియర్లను నేను నమ్మను, మనిషి చేతే పంపిస్తాను.”

“ఎలా చేస్తారాంటీ?”

“అది మాత్రం అడక్కు. పచ్చడి పెట్టేటప్పుడు వంటింట్లోకి మా ఆయన్నే రానివ్వను. దిష్టి!”

ఇప్పుడు ఆ చీరాల రుచి గాజుపెంకుల మధ్య ఎర్రగా పరుచుకుని ఉంది.

నిజం చెప్పవచ్చు. నిజం ఎప్పుడైనా చెప్పవచ్చు, చెప్పాక ఏమిటన్నదే ప్రశ్న. సరుకు చేర్చే విద్య నేర్వబోతున్న మనిషి, మొదటి సరుకును గుమ్మం దాటకముందే నేలపాలు చేశానని ఏ నోటితో చెబుతుంది?

ఎర్రగుడ్డ కట్టిన మూత ఒక్కటే మిగిలింది. దానికి అంటిన పచ్చడిని వేలితో తీసి నాలుకకు రాసుకుంది. ఆ రుచిని నోట్లో దాచుకుని, మూతను చేత పట్టుకుని, ఆటో ఎక్కి హబ్సిగూడ వెళ్ళింది. కనిపించిన పచ్చళ్ళ కొట్టునల్లా గాలించింది. ఒక చోట పులుపెక్కువ. ఇంకో చోట మెంతుల చేదు. చివరికి కాశమ్మ కొట్లో ఆగిపోయింది.

ఇదే అనిపించింది. అనిపించడం వేరు, కావడం వేరు అని కూడా అనిపించింది.

“మీది ఏ ఊరమ్మా?”

“జనగామ దిక్కు, బిడ్డా.”

ప్రిస్కిల్లా ఇంకోసారి రుచి చూసింది. జనగామ చెయ్యి పెట్టిన పచ్చడిని చీరాల నాలుక పట్టుకోకుండా ఉంటుందా?

కాశమ్మ ఆమె చేతిలోని మూత చూసింది. “అది గిట్లియ్యి” అని తీసుకుని, తన సీసాకే బిగించింది. అతికినట్టు సరిపోయింది. ప్రిస్కిల్లా దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

రోటర్‌డామ్‌లో శాంసన్ ఆ మూత తీశాడు. వేడన్నంలో కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ప్రిస్కిల్లా కూడా మూసుకుంది, వేరే కారణంతో.

“అక్క చెయ్యి!” అన్నాడు ఆయన. “కళ్ళకు గంతలు కట్టినా పట్టేస్తాను. సోమవారం నుంచి పనిలోకి రా.”

చదువు పూర్తయింది. అదే గోదాములో ఉద్యోగం స్థిరపడింది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా నమ్మకుండా, వెనక్కి వెనక్కి వెళ్ళి సరుకు పుట్టిన చోటును పట్టుకోవడం ఆమె పని. ఆ పనిలో ఆమె మాటే చివరి మాట అయింది. కానీ శాంసన్ గోంగూర ఊసెత్తితే చాలు, తల దించుకునేది. అబద్ధం మీద నిజమైన జీవితం నిలబడగలదా అని తనను తాను ప్రశ్నించుకునేది. నిలబడుతూనే ఉంది. అదే ఆమెకు నిద్ర లేకుండా చేసేది.

మూడేళ్ళకు మొదటిసారి సెలవు మీద వస్తే, యూనివర్సిటీలో విద్యార్థులతో మాట్లాడమన్నారు.

“లేబుల్‌ను నమ్మకండి. సరుకు పుట్టిన చోటిదాకా వెళ్ళండి” అని చెప్పింది. ముందు వరసలో కూర్చున్న విజయకుమారి గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ పైన ఆమెను పక్కకు పిలిచి, సంచిలోంచి ఎర్రగుడ్డ కట్టిన సీసా తీశారు.

“మళ్ళీ నువ్వొచ్చేదాకా అటు వెళ్ళే మనిషే దొరకలేదమ్మాయ్. నిన్ననే పెట్టాను, చేతులింకా మండుతున్నాయి. అవునూ, అప్పటిది ఎలా ఉందన్నాడు తమ్ముడు?”

“మీ చెయ్యే అన్నారాంటీ.”

“మరి! ఎక్కడికి పోతుంది?”

ప్రిస్కిల్లా సీసాను గుండెకు హత్తుకుని క్యాంపస్ గేటు దాటింది. అప్పుడు తట్టింది అసలు ప్రమాదం. ఇన్నాళ్ళకు నిజమైన పచ్చడి వెళ్తుంది. శాంసన్ తింటాడు. తేడా తెలుస్తుంది. దొంగ పచ్చడి కాపాడిన ఉద్యోగాన్ని అసలు పచ్చడి ఊడగొడుతుంది. సరుకు పుట్టుక చెప్పాల్సిన మనిషే పుట్టుక మార్చిందంటే, ఇక ఆమె మాట ఎవరు నమ్ముతారు?

ఒక్కటే దారి. సాయంత్రానికి ఆమె అసలు సీసాను సంచి అడుగున దాచి, కాశమ్మ కొట్టు ముందు నిలబడి ఉంది.

“గోంగూర ఒక్క సీసా ఇవ్వమ్మా. మూడేళ్ళ కిందట ఇచ్చిందే కావాలి. రుచి వెంట్రుకంత కూడా మారకూడదు.”

కాశమ్మ ఖాళీ అర వైపు చెయ్యి చూపించింది.

“ఏడిది బిడ్డా, గా యూనివర్సిటీ లైబ్రరీ విజయకుమారి మేడం ఎప్పటి లెక్కనే వచ్చి, తమ్మునికి పంపాలె అని ఉన్న ఒక్క సీసా నిన్ననే తీస్కపాయె!”