అగ్గికోటలో మంత్రం

బంగారరాజు వీడియో గేముల కొట్లోకి చెప్పులతో అడుగుపెట్టడానికి లేదు. అమలాపురం బస్టాండు వీధిలో మరే కొట్టుకీ లేని నియమం అది. టీవీల మీద పూలదండలు, పక్కన అగరొత్తులు. అంతా మంత్రం మహిమ.

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం అచ్చిరాక, రెండువేల సంవత్సరంలో మూడు టీవీలు కొని ఆ కొట్టు తెరిచేడు బంగారరాజు. నెల తిరక్కుండా వీధిలో తల్లులందరూ ఆయన మీద కత్తి కట్టేరు. ఎదురింటి వెంకటరమణమ్మగారైతే చీపురు పుచ్చుకునే వచ్చింది. వచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోయింది.

టీవీలో అగ్గికోట అనే గేము నడుస్తోంది. కత్తి పట్టుకున్న వీరుడొకడు నిప్పుల్లోంచి దూకుతున్నాడు. వెనకాల ఎవరో గంభీరంగా, సంస్కృతంలో, ఏదో చదువుతున్నారు. ఆ గేము తయారుచేసిన దొరలు మన దేశంలో ఏ ఊరొచ్చి, ఎవరి నోట విని, టేపులో పట్టుకుపోయేరో! నిప్పులకోటకి బాగా నప్పిందని అందులో పెట్టేసేరు.

"ఇదేంటండీ, మంత్రంలా ఉందీ?" అంది వెంకటరమణమ్మగారు.

"ఆయ్, మంత్రమేనండి. కోట దాటేదాకా వస్తూనే ఉంటుందండి."

ఆవిడ చీపురు గుమ్మానికి చేరేసి, టీవీకి దణ్ణం పెట్టుకుంది. సాయంత్రం తన ఇద్దరు పిల్లలకీ తనే స్నానాలు చేయించి పంపింది.

ఇక చూడాలి. పిల్లల్ని ఆడనివ్వని తల్లులే, ఆడకపోతే తన్నడం మొదలెట్టేరు. అదే వీధిలో వీరలక్ష్మిగారు ఆ మంత్రాన్ని టేపులోకి ఎక్కించుకుని, గృహప్రవేశంలో పాలు పొంగేదాకా మోగించింది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని భక్తి ఇంకా పెరిగింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒక పంతులుగారు బస్సు కోసం వచ్చి, కొట్టు ముందు తాటాకుపందిరి నీడన నిలబడ్డారు. చుక్క వాన లేదు, ఆయన పంచె మాత్రం తడిసి ఉంది. ఎంత నిష్ఠో అనుకున్నాడు బంగారరాజు. పంతులుగారు చెవి ఇటు పెట్టి విన్నారు. విని, ఉలిక్కిపడ్డారు.

"అయ్యా, దాన్ని ఆపించెయ్యండి."

"ఏమండీ, తప్పు చదివేడాండీ?"

"అబ్బే! నిఖార్సైన మంత్రమండి. ఎక్కడా స్వరం తొణకలేదు. ఎవరో గానీ మహానుభావుడండి. కానీ దానికి వేళంటూ, చోటంటూ ఉన్నాయండి."

"మీకూ వచ్చాండీ?"

"నాకు ఇంత కూడు పెడుతున్నది అదేనండి."

బంగారరాజుకి ప్రాణం లేచొచ్చింది. "దీనికి ఫలం ఏమిటో సెలవియ్యండి."

"ఉత్తమలోకాలండి."

"చూసేరా! మా అబ్బాయి వీరబాబుకి అప్పుడే సగం నోటికొచ్చేసిందండి. పొద్దున్నే నా మంచం పక్కన కూచుని చదువుతాడండి."

పంతులుగారు ఆయన్ని ఎగాదిగా చూసేరు. "తొందరేం లేదని చెప్పండి వాడికి."

"లోపలికి రండి, కాస్త కాఫీ పుచ్చుకుందురు గాని."

"ఇళ్ళకీ కొట్లకీ ఊరికే రానండి. అవసరం పడితే మనిషిని పంపుతారు, అప్పుడే వస్తానండి."

బస్సొచ్చింది. వెళ్ళొస్తానని కూడా అనకుండా ఎక్కేసేరు. పెద్ద పండితుడు కదా, ఆపాటి బిగువు ఉంటుందిలే అనుకున్నాడు బంగారరాజు.

మరుసటేడు అగ్గికోట సీడీ గీతలు పడి చచ్చిపోయింది. కాకినాడ వెళ్ళి కొత్తది తెచ్చేడు. కోట వచ్చింది. నిప్పులొచ్చేయి. మంత్రం రాలేదు. దాని బదులు ఎవరో ఖాళీ డబ్బా మీద కొడుతున్నట్టు డుం డుం. అమ్మినవాడికి ఫోను చేస్తే, "ఆటలో దేవుడి మాటలేంటని పై దేశాల్లో ఎవరో గొడవ చేసేరటండి. కొత్త సీడీల్లో కంపెనీవాళ్ళే తీసేసేరండి," అన్నాడు.

వెంకటరమణమ్మగారు ఓ పూట విని, పిల్లల చెవులు పుచ్చుకుని తీసుకుపోయింది. చీపురు మళ్ళీ చేతికొచ్చింది. వారం తిరిగేసరికి మూడు టీవీల ముందూ మూడు ఖాళీ బల్లలు. మంత్రం లేకపోతే కొట్టు లేదు. కొట్టు లేకపోతే ఈ వయసులో మళ్ళీ అంబాజీపేట పోయి కొబ్బరికాయలు ఒలవాలి.

ఆ మంత్రం వచ్చిన మనిషి బంగారరాజుకి తెలిసి ఒక్కడే. తొమ్మిది రోజులు బస్టాండులో కాపు కాసేడు. పదో రోజున తడిపంచె కనపడింది. పరుగెత్తుకెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పంతులుగారూ, మీరే కాపాడాలండి. శుక్రవారం మంచిదండి. కొట్టుకి మావిడాకులు కట్టిస్తాను, నలుగురినీ పిలుస్తాను. మిమ్మల్ని నడిమధ్యన పీట మీద కూచోపెడతాను. మా వీరబాబు మీ కాళ్ళు కడుగుతాడు, నేను ఎదురుగా కూచుని వింటాను. మీరు ఆ మంత్రం ఒక్కసారి గొంతెత్తి చదివేరంటే టేపులో పట్టేసుకుంటానండి. ఇదే మీకు నా పిలుపనుకోండి."

పంతులుగారు మెల్లిగా చేతులు విడిపించుకున్నారు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగేరు.

"అది మీరు పిలిస్తే వచ్చి చదివేది కాదండీ బంగారరాజుగారూ, మీరు పోయాక మీ వీరబాబు పిలిస్తే వచ్చి చదివేది."