తరవాణి మహిమ

జొన్నాడలో ఆ వీధి వీధంతటికీ పేగుల్లోంచి రక్తం పోతోందని తేలింది. ఒక్క తాతబ్బాయి గారికీ, ఆయన భార్య బంగారమ్మకీ తప్ప.

పేగుల్లో రక్తస్రావం మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ సత్యప్రియ కాకినాడ నుంచి వచ్చి మలపరీక్ష రిపోర్టులు చదివింది.

"కంటికి కనపడని రక్తమండీ ఇది. క్యాన్సర్ కూడా కావచ్చు. ఇప్పుడు పట్టుకుంటే బతుకుతారు, ఊరుకుంటే కష్టం."

వీధి గొల్లుమంది. కోడిపందెంలో కత్తి దిగినా కిక్కురుమనని సత్తిరాజు కూడా అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

"మీరిద్దరూ ఏం తింటారండీ?" తాతబ్బాయి గారిని అడిగింది డాక్టరమ్మ.

"పొద్దున్నే పులిసిన గంజిలో నానేసిన తరవాణి అన్నం, ఆవకాయ బద్ద. అంతేనండీ. పొట్ట ఎలా తగ్గిపోయిందో చూసేరా? కుర్రాణ్ణయిపోయేనండి, ఆయ్!"

మలం పట్టడానికి ఇంటింటికీ డబ్బాలు పంచిందీ, నిండినవి పోగుచేసి పంపిందీ ఆయనే. ఊరికి ఉపకారం చేసే అవకాశమొస్తే వదిలే మనిషి కాదు. ఇప్పుడు తరవాణి కుండలు కూడా పంచారు. పక్షం రోజులు వీధంతా పుల్లటి వాసన.

ఆ తర్వాత రిపోర్టులో రక్తం ఉన్నవాళ్లందరినీ వ్యానెక్కించి కాకినాడ తీసుకెళ్లి, వెనక నుంచి గొట్టం వేసి చూశారు. సత్తిరాజు సిగ్గుతో చచ్చిపోయాడు గానీ రోగంతో కాదు. ఒక్కరి పేగులోనూ పుండు లేదు, రక్తపు చుక్క లేదు.

డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. తరవాణి మీద పెద్ద వ్యాసం రాస్తానంది. ఊళ్లో సభ పెట్టి తాతబ్బాయి గారికి శాలువా కప్పారు. లేచి నమస్కారం పెట్టబోయిన ఆయన కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డారు.

"ఎండకండీ. కంగారు పడకండి" అన్నారు, చెమట తుడుచుకుంటూ.

ఇంటికి రాగానే బంగారమ్మ ఆ శాలువా లాగి అవతల పడేసింది.

"కాకినాడ పదండి. ఆ గొట్టమేదో మీరూ వేయించుకోవాలి."

"మతి గానీ పోయిందేంటే? నా రిపోర్టు మల్లెపువ్వులా ఉంటేనూ!"

"ఏం రిపోర్టండీ... ఫ్రిజ్‌లో మీరు పెట్టిన డబ్బాలన్నీ నేను రోతపుట్టి కాలవలో కడిగిపారేస్తే, మళ్లీ వీధి మొత్తానికీ మీదే సర్ది, చాలక మీ డబ్బాలో నాది పెట్టేరు కదా!"