ముల్లున్న పరికి

నగరంలో ఇప్పుడు ప్రతి బాల్కనీలోనూ పరికి పొద ఉంది. కంపెనీ ముల్లు లేకుండా పుట్టించిన పరికి. ఏడాదంతా నల్లటి పండ్లు మెరుస్తుంటాయి గానీ, తింటే వట్టి నీళ్లు. పరికి తనంతట తాను పెరిగిన గుట్టలు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

నర్సరీలో రోజంతా కొమ్మలు కత్తిరించి కవర్లలో నాటే ఎల్లవ్వ చెయ్యి గుట్ట మీది ముళ్ల పొదల్లో పండ్లు కోసిన పాత అలవాటు ఇంకా మానలేదు. పొదలోకి పక్కవాటుగా, భయంభయంగా దూరుతుంది. తోటి ఆడవాళ్లకు అదొక నవ్వులాట.

ఇవాళ ఏమరుపాటున ఆ చెయ్యి తిన్నగా పోయింది. చురుక్కుమంది. వేలి మీద నెత్తురు చుక్క మొలిచింది.

"ఏమైంది ఎల్లవ్వా, ముల్లొచ్చిందా?" అన్నాడు సూపర్‌వైజర్ ఫయాజ్. ముల్లొచ్చిన మొక్కను అక్కడికక్కడే కాల్చేయాలని కంపెనీ రూలు.

"ముల్లేడిది సారూ! కత్తెర తాకింది," అంది ఎల్లవ్వ, ఆ కొమ్మను కొంగులో దాచుకుంటూ.

ఇంటికెళ్లి దాన్ని డబ్బాలో నాటి, కూతురు రవళిని పిలిచింది.

"మన గుట్ట ఎట్లుండె అని అడుగుతవు గద. ఇటు చెయ్యి పెట్టు."

"అవ్వో!" అని రవళి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"గిట్లనే ఉండె బిడ్డా."

రవళి ముల్లు గుచ్చుకున్న వేలిని నోట్లో పెట్టుకుని, రెండో చెయ్యి కొమ్మ వైపు చాపింది.