నడి గది వెలుతురు

“అత్తయ్యా, ఆ తాడు ముట్టుకోకండి!”

తడిబట్టల బకెట్‌తో డాబా మీదికి వచ్చిన కోడలు మెట్ల దగ్గరే కేకేసింది. మోకాళ్ళ నొప్పులతో మేడ ఎక్కడమే మానేసిన అత్తగారు, డాబా మధ్యలో చతికిలబడి టార్పాలిన్ ముడులు విప్పుతోంది. దాని కింద ఉన్నది నడి గది కప్పుకి పెట్టిన అద్దం. ఆ గదికి కిటికీల్లేవు. పగటి వెలుతురు దిగితే ఆ అద్దంలోంచే దిగాలి. కింద మంచం మీద మామగారు.

“మెల్లిగా. మీ ఆయన లేస్తాడు,” అంది అత్తగారు. “ఇంకాసేపు పడుకోనీ. లేచాక వాడికి చాలా పనుంది.”

“ఆదివారం పూట ఏం పని? అది సరే, ఈ ఉక్కలో మామయ్యని ఉడకబెడదామనా? ఎండ సూటిగా దిగి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయనేగా కప్పించాం! ఒంట్లో నీరు తగ్గకూడదని డాక్టరుగారు అన్నారా, లేదా?”

“అన్నారు.”

“రేపు మేస్త్రి వస్తున్నాడు. కప్పు మీద చిన్న గూడులా లేపి, అద్దాన్ని ఎండ తగలని పక్కన నిలబెడతాడు. వేడి పైకి పోవడానికి సందు వదులుతాడు. వెలుతురొస్తుంది, ఎండ రాదు. ఒక్క రోజు ఓర్చుకోండి.”

“రేపటిదాకా కుదరదు.”

ఆఖరి ముడి బిగుసుకుపోయింది. అత్తగారు దాన్ని పళ్ళతో పట్టి లాగింది.

“ఏమిటా తొందర? ట్యూబులైటు ఉందిగా!”

“ఆ లైటు కింద ఆయన ఎవరో పరాయివాళ్ళలా ఉన్నారు. ముఖం ఒక్కసారి సరిగ్గా చూసుకోవాలి.”

కోడలికి నవ్వొచ్చింది. “ఇన్నేళ్ళుగా చూస్తున్న ముఖమేగా! రేపు చూస్తే అరిగిపోతుందా?”

అత్తగారు నవ్వలేదు. టార్పాలిన్ జర్రున జారింది. వెలుతురు గదిలోకి దిగింది.

కోడలు బకెట్ దించి, అద్దం మీదికి వంగి చూసింది. మామగారి తల నున్నగా దువ్వి ఉంది. ఉతికిన దుప్పటి గుండెల దాకా కప్పి ఉంది. పక్కన ఫ్యాను తిరగడం లేదు.

“ఫ్యాను కూడా కట్టేశారా! ఎండ చూడండి, సరిగ్గా మొహం మీదే! చెమటతో తడిసి ముద్దయిపోతారు అత్తయ్యా!”

అత్తగారు కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచి, కిందికే చూస్తూ అంది.

“ఇక చెమట పట్టదమ్మా.”