ఆడపడుచు ఇంటి సర్వర్

ఇంటింటికీ సొంత మెయిల్ సర్వర్ వచ్చాక, ఏ ఉత్తరాన్ని గడప దాటనివ్వాలో అది ఆ ఇంటివాళ్ల బుద్ధులు చూసే నేర్చుకుంటోంది.

ఎల్లుండి గృహప్రవేశం. అక్క జాహ్నవికి వంశీధర్ పంపిన శుభలేఖ పొద్దుటి నుంచీ తిరిగొస్తూనే ఉంది. ఫ్రిజ్ పక్కనున్న సర్వర్ ముందు కూలబడి డొమైన్ సరిచూశాడు, పాస్‌వర్డ్‌లు మార్చాడు, ఆపి మళ్లీ వేశాడు.

"మీ అక్కగారి సర్వర్ ఎందుకొద్దంటోందో చదివారా?" అంది భార్య లాస్య.

అప్పుడు చదివాడు. "అడ్రసు సరైనదే. బొట్టు పెట్టి పిలవలేదు."

"నువ్వెళ్లిరావే, నాకిక్కడ పనుంది," అన్నాడు.

లాస్య కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లి, ఆడపడుచుకి బొట్టు పెట్టి వచ్చింది. వంశీధర్ ధీమాగా శుభలేఖ మళ్లీ పంపాడు.

తిరిగొచ్చింది.

"బొట్టు అందింది. తమ్ముడేడీ?"